రూ.14,999 ఫోనులో అంగడికి మిగిలేదెంత?

ముందు ఒక బిల్లు లెక్క. రూ.14,999కి అమ్మిన ఫోనులో 18 శాతం జీఎస్టీ తీసేస్తే అసలు ధర రూ.12,711. అంగడాయన దాన్ని డిస్ట్రిబ్యూటరు దగ్గర పన్నుతో కలిపి రూ.14,400కు తెచ్చాడనుకుందాం. తేడా రూ.599. కొత్తగా అంగడి పెట్టినవాళ్లు ఇదంతా లాభమే అనుకుంటారు. కానీ ఆ రూ.599 లోపల కూడా పన్ను ఉంది. రూ.91 ప్రభుత్వానికి కట్టాక మిగిలేది రూ.508, అంటే పన్ను లేని ధర మీద 4 శాతం. కొన్నాయన క్రెడిట్ కార్డు గీకితే స్వైపింగ్ చార్జీ 2 శాతం లెక్కన మరో రూ.300 పోతుంది. చేతిలో రూ.208 ఉంటుంది. అప్పటికింకా గ్లాసూ కవరూ ఫ్రీగా అడగనేలేదు.

4 శాతమన్నది ఉదాహరణే. బ్రాండును బట్టి, మోడలును బట్టి 3 నుంచి 6 శాతం దాకా ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఎక్కువ కదిలే మోడళ్ల మీద తక్కువ, అంగళ్ల కోసమే దించిన మోడళ్ల మీద కాస్త ఎక్కువ. చిన్న అంగళ్లవాళ్లు కొందరు పన్ను తలనొప్పి తగ్గుతుందని కాంపోజిషన్ పద్ధతిలోకి పోతారు. ఫోన్ల వ్యాపారానికి అది సరిపడదు. అక్కడ మొత్తం అమ్మకం మీద 1 శాతం కట్టాలి, కొన్నప్పటి పన్ను వెనక్కి రాదు. పై ఫోనుకే చూస్తే రూ.91 బదులు రూ.150 కట్టినట్టు. మార్జిన్ ఎక్కువ ఉండే సరుకుకు పనికొచ్చే పద్ధతి 4 శాతం మీద బతికేవాళ్లకు నష్టం తెస్తుంది.

నెల్లూరు ట్రంకు రోడ్డు, ఒంగోలు కర్నూలు రోడ్డు, కావలి, కందుకూరు, పొదిలి, ఎక్కడి అంగడి లెక్కయినా కొంచెం అటూ ఇటూగా ఇంతే. ఈ రూ.508 ఇంత చిన్నదెందుకయిందో తెలియాలంటే అంగడి దాటి పైకి పోవాలి. ఫోను తయారుచేసే కంపెనీకి కూడా ఫోను మీద పెద్దగా మిగలడం లేదు. ఆ కంపెనీ తనకు తగ్గినదాన్ని కిందికి తోస్తుంది. అంగడి కింద ఇంకెవరూ లేరు కాబట్టి అది అక్కడే ఆగుతుంది.

ఫోన్లు అమ్ముడుపోవడం ఎక్కడ ఆగింది

ప్రపంచం మొత్తం మీద 2016లో సుమారు 147 కోట్ల స్మార్ట్‌ఫోన్లు కంపెనీల నుంచి బయటికి వచ్చాయి. 2023లో ఆ సంఖ్య 117 కోట్ల దగ్గరికి పడిపోయింది. 2013 తర్వాత అంత తక్కువ ఎప్పుడూ లేదు. మన దేశంలో 2021లో 16 కోట్లు దాటింది. తర్వాత 15 కోట్లకు అటూ ఇటూగా ఊగుతోంది. కీప్యాడ్ నుంచి టచ్ ఫోనుకు మారాల్సినవాళ్లు చాలావరకు మారిపోయారు. ఇక మిగిలింది పాతది పారేసి కొత్తది కొనేవాళ్లే. వాళ్లు కూడా తొందరపడటం లేదు. ఆరేళ్ల కిందట 3 జీబీ ర్యామ్ ఫోను రెండో ఏడాదికే నత్తనడక నడిచేది. ఇప్పటి 6, 8 జీబీ ఫోను మూడు నాలుగేళ్లు నిక్షేపంగా పనిచేస్తోంది. 2024 జనవరిలో వచ్చిన గెలాక్సీ ఎస్24కు శామ్‌సంగ్ ఏడేళ్ల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇస్తామంది. కొనేవాడికి అది మంచి కబురు, అంగడికి మాత్రం తర్వాతి బేరం వెనక్కి పోవడం.

కొనేవాళ్లు పెరగని సంతలో అమ్మేవాళ్లు పెరిగితే ధర తెగ్గోసుకోవడమే మిగులుతుంది. ఆ పని మన దేశంలో 2014 జులైలో మొదలైందని చెప్పొచ్చు. షావోమీ అంగళ్లను వదిలేసి ఫ్లిప్‌కార్ట్‌లో మాత్రమే ఎంఐ3ని దించింది ఆ నెలలోనే. అప్పటికి మైక్రోమ్యాక్స్, కార్బన్, లావా, ఇంటెక్స్ ఏలుతున్నాయి. మన పల్లెల్లో హైదరాబాద్ కంపెనీ సెల్‌కాన్ ఫోన్లు కూడా బాగానే తిరిగేవి. వీటిలో చాలావాటికి సొంత డిజైన్ తక్కువ. చైనాలో తయారైన మోడల్ తెచ్చి పేరు వేసి అమ్మేవి. 2016 సెప్టెంబరులో జియో 4జీ మొదలయ్యేసరికి వాళ్ల గోదాముల్లో 3జీ సరుకు మిగిలిపోయింది, చైనా కంపెనీలు 4జీ సరుకుతో సిద్ధంగా ఉన్నాయి. రెండేళ్లలో వరస తారుమారైంది. పోటీకి తట్టుకోలేకపోయింది చిన్న కంపెనీలే అనుకోనక్కర్లేదు. ఎల్‌జీ 23 త్రైమాసికాలు వరసగా నష్టం చూసి 2021 ఏప్రిల్‌లో ఫోన్ల వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది.

2018 ఏప్రిల్‌లో షావోమీ అధిపతి లే జున్ ఒక మాట ఇచ్చాడు. వస్తువుల మీద తమ నికర లాభం ఎప్పటికీ 5 శాతం మించదని, మించితే కొన్నవాళ్లకే తిరిగి ఇస్తామని. వినడానికి ఉదారంగా ఉంటుంది. పోటీదారులకు మాత్రం అది హెచ్చరిక. నేను 5 శాతంతో బతకగలను, మీకు చేతనవుతుందా అన్నట్టు. బతకగలిగే దారి ఫోను ధరలో లేదు. 2024లో షావోమీకి ఫోన్ల మీద స్థూల మార్జిన్, అంటే అమ్మిన ధరలో తయారీ ఖర్చు పోను మిగిలేది, 13 శాతం లోపే. ప్రకటనలు, యాప్‌లు, గేముల వంటి ఇంటర్నెట్ సేవల మీద 76 శాతం. లాక్ తీయగానే వచ్చే వార్తల బొమ్మలు, అడగకుండా ఎక్కి కూర్చున్న యాప్‌లు, సెట్టింగ్స్‌లో దూరిన ప్రకటనలు, చవక ఫోనుకు బాకీ అక్కడ వసూలవుతోంది. ఈ వసూళ్లలో ఫోను అమ్మిన అంగడికి పైసా రాదు.

యాపిల్ దారి వేరు. అది అమ్మే ఫోన్లు ప్రపంచంలో అయిదో వంతు అటూ ఇటూ. పరిశ్రమ లాభంలో మాత్రం సగానికి పైగా ఏటా దానిదే. 2024 ఆర్థిక సంవత్సరంలో దానికి వస్తువుల మీద స్థూల మార్జిన్ 37 శాతం, సేవల మీద 74 శాతం. మిగతా లాభంలో పెద్ద ముక్క శామ్‌సంగ్ తీసుకున్నాక వివో, ఒప్పో, రియల్‌మీ, షావోమీ, మోటోరోలా అన్నీ మిగిలిన పిడికెడు కోసం కొట్టుకోవాలి. ట్రంకు రోడ్డు మీద బ్యానర్లు ఎక్కువ కనిపించేది ఈ పిడికెడు కోసం కొట్టుకునేవాళ్లవే.

ఫోను లోపల ఎవరి వాటా ఎంత

ఫోను తయారీ ఖర్చులో సగానికి పైన మూడు సామాన్లకే పోతుంది. డిస్‌ప్లే, ప్రాసెసర్, మెమరీ. ప్రాసెసర్‌కు క్వాల్‌కామ్, మీడియాటెక్, కొంత యూనిసాక్. ర్యామ్ చిప్పులకు శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్‌లదే ముఖ్యంగా చలామణీ. ఫోన్లు అమ్మే కంపెనీలు పాతిక ఉంటే వాళ్లకు చిప్పులు అమ్మేవాళ్లు ఇద్దరో ముగ్గురో. బేరం ఎవరి చేతిలో ఉంటుందో చెప్పనక్కర్లేదు.

దీనిపైన పేటెంట్ల రాయల్టీ. క్వాల్‌కామ్ బయటపెట్టిన రేటు ప్రకారం పాత నెట్‌వర్కులతో పాటు 5జీ పట్టే ఫోనుకు కంపెనీ అమ్మిన ధర మీద 3.25 శాతం. 400 డాలర్లు దాటిన ధరను లెక్కలోకి తీసుకోరు. ప్రాసెసర్ మీడియాటెక్‌ది వేసినా ఇది తప్పదు, ఎందుకంటే ఇది చిప్పు ధర కాదు, సిగ్నల్ పట్టే విధానానికి అద్దె. కంపెనీ నుంచి రూ.11,500కు బయటపడే ఫోనుకు ఆ రేటున రూ.374. పొద్దున తొమ్మిదికి షట్టరు ఎత్తి రాత్రి తొమ్మిదిన్నరకు దించే అంగడికి వచ్చే రూ.508తో దీన్ని పోల్చి చూడండి. పేటెంటు గలవాళ్లు ఇంకా ఉన్నారు. ఎరిక్‌సన్ 2013లో మైక్రోమ్యాక్స్ మీద, 2014లో షావోమీ మీద ఢిల్లీ హైకోర్టుకు పోయింది. 2014 డిసెంబరులో షావోమీ అమ్మకాలకు కొన్నాళ్లు బ్రేకు పడింది కూడా. అంత పోట్లాట ఎందుకంటే, తక్కువ మార్జిన్ వ్యాపారంలో 1 శాతం రాయల్టీ అంటే లాభంలో అయిదో వంతో నాలుగో వంతో.

బిగింపు పని సంగతి చూద్దాం. తడకు ఆనుకుని ఉన్న శ్రీసిటీ నెల్లూరు నుంచి సుమారు వంద కిలోమీటర్లు. 2015 ఆగస్టులో షావోమీ తొలి మేడిన్ ఇండియా ఫోను, రెడ్‌మీ 2 ప్రైమ్, ఫాక్స్‌కాన్ అక్కడి ఫ్యాక్టరీలోనే బిగించింది. బోర్డు మీద చిప్పులు అతికించడం, డిస్‌ప్లే కూర్చడం, టెస్టింగ్, ప్యాకింగ్, ఇలా ఒక్కో పనికి సెకన్ల లెక్క ఉంటుంది. ఇంతా చేసి ఫాక్స్‌కాన్ మాతృసంస్థ స్థూల మార్జిన్ 6 శాతం దగ్గరే తిరుగుతుంది. అందుకే 2020 ఏప్రిల్‌లో కేంద్రం ప్రకటించిన పీఎల్‌ఐ ప్రోత్సాహకం అంత ముఖ్యమైంది. పెరిగిన అమ్మకాల మీద 4 నుంచి 6 శాతం ఇస్తామంటే బిగింపు కంపెనీకి అది లాభాన్ని రెట్టింపు చేయడంతో సమానం. అయితే విదేశీ కంపెనీలకు ఇన్వాయిస్ ధర రూ.15,000, ఆ పైన ఉన్న ఫోన్లకే అది వర్తించింది. కనిగిరిలో, ఉదయగిరిలో ఎక్కువ అమ్ముడుపోయే తొమ్మిది పదివేల ఫోనుకు ఆ సాయం అందలేదు.

పన్ను మాటా చెప్పుకోవాలి. 2020 ఏప్రిల్ 1న ఫోన్ల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది. 2025 సెప్టెంబరు 22న పెద్ద టీవీలు, ఏసీలు 28 నుంచి 18కి దిగాయి. ఫోన్లు 18లోనే ఉండిపోయాయి. ఆ వారం ఫోను రేటు కూడా తగ్గిందేమోనని అడగడానికి వచ్చినవాళ్లకు అంగళ్లవాళ్లు ఇదే చెప్పి పంపాల్సి వచ్చింది.

నెలాఖరు వ్యాపారం

అంగడికి కంపెనీ ఇచ్చే మార్జిన్ రెండు ముక్కలు. బిల్లులోనే తగ్గించి ఇచ్చేది ఒకటి, నెల తర్వాత క్రెడిట్ నోటుగా వచ్చే స్కీము రెండోది. పోటీ పెరిగేకొద్దీ కంపెనీలు మొదటి ముక్కను కోసి రెండోదానికి కలుపుతున్నాయి. సరుకు కదిలితేనే డబ్బు అన్న పద్ధతి. స్లాబు ఇలా ఉంటుందనుకుందాం: నెలకు 30 పీసులు అమ్మితే 1 శాతం, 50 అందుకుంటే మొత్తం మీద 2 శాతం. నెల 27వ తేదీకి 44 పీసులు అయ్యాయి. అక్కడే ఆగితే రూ.14,400 ధర మీద వచ్చేది రూ.6,336. ఇంకో ఆరు కొట్టి 50 చేస్తే రూ.14,400. తేడా రూ.8,064. అందుకని ఆ ఆరు పీసుల్నీ కొన్న ధరకన్నా రూ.800 తక్కువకు వదిలినా పోయేది రూ.4,800. ఇంకా రూ.3,264 మిగులుతుంది.

కాగితం మీద ఇది తెలివైన పని. పక్క అంగడాయనకూ ఇదే లెక్క వచ్చు, ఎదురుగా ఉన్నాయనకూ వచ్చు. నెలాఖరున అందరూ నష్టానికి వదిలితే ఆ ధరే ఊరి ధరవుతుంది. ఒకటో తేదీన వచ్చిన మనిషి, "మొన్న పదమూడున్నరకే ఇచ్చారు గదన్నా" అంటాడు. కంపెనీ మాత్రం 50 పీసులు కొట్టావు కాబట్టి వచ్చే నెల 60 అంటుంది. స్లాబును అందుకోవడానికి అమ్మిన ధరే వచ్చే నెల స్లాబును అందకుండా చేస్తుంది. ఈ వ్యాపారంలో అంగళ్లు తమకు తాము చేసుకునే హానిలో ఇదే పెద్దది.

కొందరు ఇంకో దారి తొక్కుతారు. ఆ ఆరు పీసుల్ని మద్రాసు హోల్‌సేలు వ్యాపారికి ఒకేసారి తోసేస్తారు. ఇప్పుడు స్కీములు బిల్లు చూసి ఇవ్వడం లేదు, యాక్టివేషన్ చూసి ఇస్తున్నారు. ఫోనులో సిమ్ వేసి ఆన్ చేయగానే ఐఎంఈఐ నంబరు, అంటే ఒక్కో ఫోనుకు వేరుగా ఉండే గుర్తింపు సంఖ్య, కంపెనీ సర్వరుకు చేరుతుంది. నెల్లూరు అంగడి పేరు మీద ఉన్న పీసు చెన్నైలో ఆన్ అయితే దాన్ని ఇన్‌ఫిల్ట్రేషన్ అంటారు. స్కీము ఆపేస్తారు, జరిమానా వేసేదీ ఉంది. దాన్ని తప్పించుకోవడానికి అంగట్లోనే పెట్టె విప్పి సిమ్ వేసి ఆన్ చేసేవాళ్లున్నారు. అప్పుడు వారంటీ గడియారం ఆ రోజే మొదలవుతుంది. నలభై రోజుల తర్వాత ఆ ఫోను కొన్నాయనకు వారంటీ పదకొండు నెలలు కూడా ఉండదు. ఆయన సర్వీసు సెంటరులో తేదీ చూసుకుని తిరిగొచ్చి తగువు పెట్టుకుంటే సంజాయిషీ చెప్పుకోలేరు. కొనేవాళ్లు పెట్టె సీలు, యాక్టివేషన్ తేదీ రెండూ చూసుకోవడం మేలు.

ధర దిగినప్పుడు ఇంకో దెబ్బ. 20 పీసులు షెల్ఫులో ఉండగా కంపెనీ రూ.1,000 తగ్గిస్తే రాత్రికి రాత్రి రూ.20,000 ఆవిరి. ప్రైస్ డ్రాప్ కింద ఆ తేడా ఇస్తారు, షరతులు ఉంటాయి. పీసు యాక్టివేట్ అయి ఉండకూడదు, ఇటీవల కొన్నదై ఉండాలి, ఐఎంఈఐల జాబితా గడువులోగా పంపాలి. నెలాఖరుకు యాక్టివేట్ చేసి దాచిన పీసులు ఇక్కడ మొదటి షరతుకే చిక్కుతాయి. క్రెడిట్ నోటు వచ్చేసరికి నెలన్నర, రెండు నెలలు పట్టడం మామూలే. అది కూడా డబ్బుగా రాదు, తర్వాతి సరుకు బిల్లులో తగ్గింపుగా వస్తుంది. అంటే ఆ డబ్బు తీసుకోవాలంటే మళ్లీ వాళ్ల దగ్గరే సరుకు కొనాలి. ఒక్కో ఐఎంఈఐకి రావాల్సిన స్కీము, ప్రైస్ డ్రాప్, వచ్చిన తేదీ వరసగా రాసుకోని అంగళ్లు ఏడాదికి ఎంత వదిలేసుకుంటున్నాయో వాళ్లకే తెలియదు.

పెద్ద గొలుసు అంగళ్లకు సైతం ఇది భరించరానిదైంది. 2024 ఏప్రిల్‌లో దక్షిణాది వ్యవస్థీకృత రిటైలర్ల సంఘం మే 1 నుంచి వన్‌ప్లస్ సరుకు అమ్మబోమని ఆ కంపెనీకి లేఖ రాసింది. మార్జిన్ చాలడం లేదు, వారంటీ క్లెయిములు ఆలస్యమవుతున్నాయి, కావాల్సిన మోడలుతో పాటు కదలని సరుకు అంటగడుతున్నారు, అన్నవి అందులోని ఫిర్యాదులు. మూడోదాన్ని చిన్న ఊళ్ల అంగళ్లు ఎప్పటినుంచో మోస్తున్నాయి. నాలుగు మంచి పీసులు కావాలంటే రెండు ఇయర్‌బడ్స్ పెట్టెలు, ఒక కదలని ట్యాబు తీసుకోవాల్సిందే.

వడ్డీ లేని వాయిదా

ఇప్పుడు రూ.12,000 దాటిన ఫోను నగదుకు పోవడం తగ్గింది. 8/2 స్కీము తీసుకుందాం. ఎనిమిది వాయిదాలు, రెండు ముందే కట్టాలి. రూ.14,999లో రూ.3,750 అంగట్లో కడితే, రూ.11,249 ఆరు నెలల అప్పు. కొన్నాయన కట్టేది ఫోను ధరే, పైన ప్రాసెసింగ్ ఫీజు. వడ్డీ ఎవరో ఒకరు కట్టాలి గదా. కంపెనీ కడితే దాన్ని ఎంబీడీ అంటారు, అంగడి కడితే డీబీడీ. ఫైనాన్స్ సంస్థ అప్పు మొత్తంలో ఆ మేరకు కోసుకుని మిగతాది అంగడి ఖాతాలో వేస్తుంది. డీబీడీ 4 శాతమైతే రూ.450. మొదట్లో చూసిన రూ.508లో మిగిలింది రూ.58. కౌంటరు దగ్గర కూర్చునే ఫైనాన్స్ కుర్రాడు ఏ స్కీము కొట్టాడో అంగడాయన చూసుకోకపోతే, నెలవారీ స్టేట్‌మెంటు వచ్చేదాకా ఈ కోత తెలియదు. పెద్ద వాయిదా స్కీములో అమ్మి మురిసిపోయిన నెలే తక్కువ మిగిలిన నెల అవుతుంది.

ఆన్‌లైన్ గురించి ఎక్కువ చెప్పాల్సిన పనిలేదు. దసరా ముందు సేళ్లలో బ్యాంకు కార్డు మీద 10 శాతం తగ్గింపు ఇస్తే అంగడి కొన్న ధరకన్నా కింద ఫోను దొరుకుతుంది. కొన్ని మోడళ్లను ఒకే వెబ్‌సైటులో దించే ఒప్పందాలు పోటీ చట్టానికి విరుద్ధమని కాంపిటిషన్ కమిషన్ దర్యాప్తు విభాగం తేల్చినట్టు 2024లో వార్తలొచ్చాయి. అసలు విచిత్రం, ఆ సేళ్లలో పది మంది కార్డులతో లాగిన సరుకు తిరిగి అంగళ్లకే వస్తుంది. తక్కువకు వస్తోందని కొంటే అంగడి పేరు మీద జీఎస్టీ బిల్లు ఉండదు. రూ.13,000కు తెచ్చి రూ.14,500కు అమ్మితే లాభం రూ.1,500 అనుకుంటారు. కొన్న పన్ను తీసుకోలేరు కాబట్టి అమ్మకం మీద పన్ను రూ.2,212 మొత్తం చేతినుంచే. బిల్లు కొట్టకుండా అమ్మితే కొన్నాయనకు వారంటీ చిక్కు, అంగడికి తనిఖీ భయం.

మన దగ్గర దీనికి తోడు కాలాల పట్టింపు ఉంది. కొండపి, టంగుటూరు, పొదిలి వేలం కేంద్రాల్లో పొగాకు డబ్బు పడే నెలలు వేరు, నెల్లూరు డెల్టాలో వడ్లు అమ్ముకునే నెలలు వేరు, రొయ్యల గుంటలు పట్టే రోజులు వేరు. సీజను వస్తోందని ముందే యాభై లక్షల సరుకు నింపినవాళ్లు ధర పడిపోయిన ఏడాది వడ్డీ కడుతూ కూర్చుంటారు. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు రొయ్య రైతు కొనుగోళ్లన్నీ వాయిదా వేసుకున్నాడు, ఫోను అందులో ఒకటి.

మరి అంగడి ఎలా నడుస్తోంది

నెలకు వంద ఫోన్లు, సగటు రూ.14,000 అనుకుందాం. రూ.14 లక్షల అమ్మకం, పన్ను తీస్తే రూ.11.86 లక్షలు, 4 శాతం మార్జిన్ రూ.47,000 చిల్లర. బాడుగ రూ.18,000, ఇద్దరు కుర్రాళ్లకు రూ.24,000, కరెంటు రూ.4,000, రూ.8 లక్షల సరుకు మీద 12 శాతం వడ్డీ రూ.8,000. మొత్తం రూ.54,000. ఫోన్లు మాత్రమే అమ్మితే నెలకు సుమారు రూ.6,500 నష్టం. కాబట్టి ఫోను ఇప్పుడు మనిషిని గుమ్మం ఎక్కించే సరుకు మాత్రమే. డబ్బు రూ.20 పడి రూ.100కు పోయే టెంపర్డ్ గ్లాసులో, కవర్లలో, పెట్టెలోంచి మాయమైన చార్జర్లలో, రిపేరులో ఉంది. 2020 అక్టోబరులో ఐఫోన్ 12తో యాపిల్ చార్జరు తీసేసినప్పుడు నవ్విన కంపెనీలే తర్వాత అదే బాట పట్టాయి. అంగళ్లకు మాత్రం అది కలిసొచ్చింది.

రిపేరులో ఎక్కువ వచ్చేది డిస్‌ప్లే కాంబో, అంటే టచ్ గ్లాసుతో కలిపి వచ్చే స్క్రీను. నెల్లూరువాళ్లకు చెన్నై రిచీ స్ట్రీటు దగ్గర, ఒంగోలు పైవాళ్లు విజయవాడ, హైదరాబాద్ నుంచి తెప్పించుకుంటారు. రూ.1,300 కాంబో వేసి రూ.2,000 తీసుకుంటే రూ.700. పదిలో ఒకటి చెడిపోయి తిరిగొస్తే ఇంకో కాంబో మన ఖర్చు. అప్పుడు పీసుకు సగటున రూ.570, అయినా కొత్త ఫోను అమ్మినదానికన్నా నయమే. ఈ రూ.570 నిలవాలంటే కొత్త కాంబోకు ఫిల్మ్ పీకకముందే స్ట్రిప్ (బోర్డుకు కలిపే పట్టీ) తగిలించి టచ్ నాలుగు మూలలా, వెలుతురు, కాల్‌లో స్క్రీను ఆరడం చూసుకోవాలి. ఫిల్మ్ తీసినా స్ట్రిప్ మడతపడినా సరఫరాదారు వెనక్కి తీసుకోడు. అమోలెడ్ ఫోనుకు చవకని ఇన్‌సెల్ ఎల్‌సీడీ వేస్తే స్క్రీను కింది వేలిముద్ర పనిచేయదు, బ్యాటరీ తొందరగా దిగుతుంది. ఆ సంగతి ముందు చెప్పి రెండు ధరలూ చెప్పిన అంగడికి తగువులు తగ్గుతాయి. చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ముతో స్పీకరు జాలి మూసుకుపోయే ఫోన్లు, ముత్తుకూరు, అల్లూరు వైపు రొయ్యల గుంటల ఉప్పు తేమకు చార్జింగ్ పిన్ను పచ్చబారిన ఫోన్లు ఎక్కువ. వీటికి సామాను ఖర్చు లేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తని బ్రష్షు పట్టి శుభ్రం చేసి రూ.150 తీసుకోవచ్చు. పిన్ను మరీ తిన్నదైతే అది ఉండే చిన్న బోర్డు, సబ్ బోర్డు, మార్చాల్సిందే.

2025 చివర్నుంచి లెక్క ఇంకో మలుపు తిరిగింది. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ కంపెనీలు ఖరీదైన చిప్పుల వైపు మళ్లడంతో ఫోన్లకు వేసే ర్యామ్, స్టోరేజీ ధర ఎగబాకింది. మెమరీ 10 డాలర్లు పెరిగితే, డాలరు రూ.90 దాటిన రోజుల్లో అది రూ.900. ముప్పై వేల ఫోనుకు 3 శాతం, తొమ్మిది వేల ఫోనుకు 10 శాతం. అంటే దెబ్బ అడుగున ఉన్న ఫోనుకే గట్టిగా తగులుతుంది. ప్రైస్ డ్రాప్‌కు భయపడే అంగళ్లకు పాత సరుకు మీద ఒకసారి లాభం కనిపించొచ్చు, ఆ డబ్బు మళ్లీ సరుకు కొనడానికే చాలదు. రేటు చూసి వెనుదిరిగిన మనిషి అడిగేది సెకండ్స్ ఫోను.

సెకండ్స్‌లో లెక్క బాగుంటుంది. రూ.5,000కు కొని, రూ.800 పెట్టి బ్యాటరీ, కవరు సరిచేసి, రూ.7,500కు అమ్మితే తేడా రూ.2,500. వాడిన వస్తువుకు జీఎస్టీ నిబంధన 32(5) కింద కొన్న ధరకూ అమ్మిన ధరకూ తేడా మీదే పన్ను. కొన్నప్పటి పన్ను క్రెడిట్ తీసుకుని ఉండకూడదు. రూ.381 పన్ను, రూ.800 ఖర్చు పోను రూ.1,319. కొత్త ఫోను మీద వచ్చేదానికి రెండున్నర రెట్లు. మునిగేది కూడా ఇక్కడే, కొనేటప్పుడు. *#06# కొట్టి వచ్చిన ఐఎంఈఐని పెట్టె మీది నంబరుతో పోల్చాలి. కేవైఎం అని ఇంగ్లిష్‌లో టైపు చేసి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు వేసి 14422కు ఎస్సెమ్మెస్ పంపితే దొంగసరుకుగా బ్లాక్ అయి ఉందో లేదో తెలుస్తుంది. సంచార్ సాథీ పోర్టల్‌లోనూ చూడొచ్చు. తర్వాత అమ్మే మనిషి చేతే జీమెయిల్ ఖాతా తీయించి, ఎదురుగా రీసెట్ కొట్టించి, వైఫై తగిలించి మళ్లీ ఆన్ అయ్యేదాకా చూడాలి. వాయిదాలు బాకీ ఉన్న ఫోనైతే ఫైనాన్స్ లాక్ యాప్ సాధారణంగా ఆ రీసెట్ తర్వాత నెట్ తగలగానే మళ్లీ లేస్తుంది. ఆధార్ నకలు, సంతకం, పాత బిల్లు తీసుకున్నాకే డబ్బు ఇవ్వాలి, అది కూడా యూపీఐలో ఆ మనిషి పేరు మీదే.